నల్ల బంగారానికి దారి చూపిన డాక్టర్ కింగ్

గోదావరిఖని: ప్రతి నెలా మొదటి వారంలో ఆర్జీ-1, ఆర్జీ-2, ఆర్జీ-3 ఏరియాల జనరల్ మేనేజర్లు విలేకరుల సమావేశం ఏర్పాటు చేసి, గడచిన నెల ఉత్పత్తి లక్ష్యమెంత, వెలికితీసిన బొగ్గెంత, సాధించిన శాతమెంత అని ప్రకటించడం కోల్‌బెల్ట్ ప్రజలకు చిరపరిచితమైన తంతు. ఆ అంకెలతోనే గనుల భవిష్యత్తు, కార్మికుల లాభాల వాటా, అధికారుల పరపతి ముడిపడి ఉంటాయి. ఈ నేలలో బొగ్గు ఎక్కడుంది, ఎంతుంది, అందులో నమ్మదగినదెంత అనే ప్రశ్నలకు సుత్తి, దిక్సూచి పట్టుకొని తొలిసారి సమాధానం వెదికిన వ్యక్తి మాత్రం నేటి తరానికి కేవలం ఒక పొర పేరుగానే మిగిలిపోయారు. ఇల్లందు, కొత్తగూడెం గనుల్లో పని చేసిన ప్రతి కార్మికుడి నోటా నలిగిన కింగ్ సీమ్ అనే మాట వెనుక ఉన్న ఆ మనిషి డాక్టర్ విలియం కింగ్. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో 37 ఏళ్లు పని చేసి, చివరకు దాని అధిపతిగా పదవీ విరమణ పొందిన శాస్త్రవేత్త ఆయన.

బొగ్గును కనుగొన్న వ్యక్తిగా కింగ్ పేరు చరిత్రలో నిలిచింది. దానితో పాటు చెప్పుకోవలసిన గుణం మరొకటి ఉంది. కంటికి కనిపించినదానికి, ఊహించినదానికి మధ్య గీత గీసి, సాధ్యమైనంత వరకే లక్ష్యాన్ని నిర్ణయించుకొని, ఆ లక్ష్యం మీదనే చూపు నిలపడం ఆయన పనితీరు. ఆ గీతను చెరిపివేసిన వ్యాపారులు అదే కాలంలో, అదే రాజ్యంలో ఎంతటి అలజడికి కారకులయ్యారో తెలిస్తే గాని కింగ్ పని విలువ బోధపడదు.

శాస్త్రవేత్త ఇంట పుట్టి...

కింగ్ తండ్రి పేరు కూడా విలియం కింగే. 1849లో ఐర్లండులోని గాల్వే పట్టణంలో కొత్తగా వెలసిన క్వీన్స్ కళాశాలకు ఆయన తొలి భూగర్భశాస్త్ర ఆచార్యుడయ్యారు. జర్మనీలోని నియాండర్ లోయలో దొరికిన ఎముకలు నేటి మానవుడివి కావని, అది వేరొక మానవజాతి అని వాదించి, 1864లో ఆ జాతికి శాస్త్రీయ నామం పెట్టిన ఘనత తండ్రిది. ఆ వాతావరణంలో పెరిగిన కుమారుడు అదే కళాశాలలో చదివి, 1857లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో చేరారు. థామస్ ఓల్డ్‌హామ్ నాయకత్వంలో 1851లో మొదలైన ఆ సంస్థ అప్పటికి చాలా చిన్నది. దేశం మాత్రం చాలా పెద్దది. సంస్థకు అప్పగించిన పనుల్లో మొట్టమొదటిది బొగ్గు జాడ తీయడమే.

కింగ్‌కు మద్రాసు ప్రెసిడెన్సీ లభించింది. వర్షాలు వెనుకబట్టిన తరువాత గుడారాలు, ఎడ్లబండ్లతో బయలుదేరి, ఎండలు ముదిరే వరకు కాలినడకనో గుర్రం మీదనో తిరగడం, వానాకాలం కార్యాలయంలో కూర్చుని పటాలు గీసి నివేదికలు రాయడం ఆనాటి భూగర్భ శాస్త్రవేత్తల జీవనక్రమం. ఏటా ఆరేడు నెలలే క్షేత్రంలో పని సాగేది. అందువల్ల ఆ ఏడు ఏ తాలూకా పూర్తి చేయాలి, ఏది వచ్చే ఏటికి వదలాలి అన్నది ముందుగానే తేల్చుకోవలసి వచ్చేది. అన్నీ ఒకేసారి చూడబోతే ఏదీ పూర్తి కాదు. ఈ క్రమశిక్షణ కింగ్‌కు తొలి ఏళ్లలోనే అలవడింది.

1863లో సహోద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్‌తో కలసి మద్రాసుకు వాయవ్యంగా ఉన్న అత్తిరంపాక్కం వద్ద ఆదిమానవుడి రాతి పనిముట్లను ఆయన వెలుగులోకి తెచ్చారు. అంతకు కొద్ది నెలల ముందే పల్లావరంలో ఫుట్‌కు తొలి రాతి గొడ్డలి లభించింది. అత్తిరంపాక్కం పనిముట్లలో అతి పాతవి సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో వెలువడిన పరిశోధన నిర్ధారించింది. భారతదేశపు చరిత్రపూర్వ యుగ పరిశోధనకు పునాది వేసిన ఇద్దరిలో ఒకరు సింగరేణి బొగ్గును కనుగొన్న మనిషే అన్న సంగతి కోల్‌బెల్ట్‌లో చాలామందికి తెలియదు.

రాళ్లకు తెలుగు పేర్లు

తరువాతి దశలో కింగ్ రాయలసీమకు వచ్చారు. కడప, కర్నూలు మండలాల రాతి పొరలపై ఆయన రాసిన బృహత్ గ్రంథం 1872లో వెలువడింది. ఆ పొరలను వర్గాలుగా విభజించి పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణా అని పేర్లు పెట్టారు. కర్నూలు పొరలకు బనగానపల్లి, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు అని ఊర్ల పేర్లు, ఏర్ల పేర్లు ఇచ్చారు. అనంతర కాలంలో ఓరుగల్లు సీమలోని పాకాల చెరువు పేరును, సుల్లవాయి పేరును కూడా ఆయనే శిలా వర్గాలకు ఖాయం చేశారు. ఒకటిన్నర శతాబ్దం గడచినా ప్రపంచంలోని ఏ విశ్వవిద్యాలయంలోనైనా ఈ శిలల గురించి బోధించే ఆచార్యుడు ఆ తెలుగు పేర్లనే ఉచ్చరిస్తాడు.

ఒక ప్రదేశాన్ని చూసినప్పుడు దానికి అక్కడి పేరే పెట్టి, అది ఎక్కడి నుంచి ఎక్కడి దాకా విస్తరించి ఉందో హద్దులు గీయడం కింగ్ పద్ధతి. హద్దు తెలియని గని లెక్కకు అందదు. లెక్కకు అందని గనికి లక్ష్యం నిర్ణయించడం గాలిలో మేడ కట్టడమే.

బొగ్గు లేని ప్రెసిడెన్సీ

ఆ రోజుల్లో దక్షిణాదికి పెద్ద కొరత బొగ్గు. రైలు మార్గాలు ఏటేటా పెరుగుతున్నాయి. ఇంజన్లు కట్టెలతోనో, ఓడల మీద ఇంగ్లండు నుంచి తెప్పించిన బొగ్గుతోనో నడవవలసి వచ్చేది. బెంగాల్ బొగ్గు కూడా సముద్రం మీదుగానే రావాలి. అడవులు తరిగిపోతున్నాయి, ఖర్చు పెరిగిపోతోంది. మద్రాసు ప్రభుత్వానికి తన పరిధిలోనో, పొరుగునో బొగ్గు దొరకడం అత్యవసరమైంది.

గోదావరి లోయలో బొగ్గు ఉండవచ్చునన్న ఆశ అప్పటికే పుట్టింది. నాగపూర్ వైపు బొగ్గు పొరలు బయటపడ్డాయి. దుమ్ముగూడెం సమీపంలో గోదావరి ఒడ్డున బొగ్గు జాడలను విలియం బ్లాన్‌ఫోర్డ్ పరిశీలించి 1871లో నివేదించారు. అదే దుమ్ముగూడెంలో మరో కథ ముగింపునకు వచ్చింది. మధ్య పరగణాల పత్తిని పడవల మీద సముద్రానికి చేర్చాలని సర్ ఆర్థర్ కాటన్ కన్న కల ప్రకారం ఎగువ గోదావరిలో నౌకాయాన పనులు ఏళ్ల తరబడి సాగాయి. దుమ్ముగూడెం, ఇంచంపల్లి, దేవలమర్రి వద్ద నదికి అడ్డుపడే మూడు రాతి వరుసలను దాటించాలన్నది ప్రణాళిక. ఈలోగా రైలు నాగపూర్ చేరిపోయింది. నదిలో నీరు ఏడాది పొడవునా ఉండదు. చివరకు 1871లో ప్రభుత్వం ఆ పథకాన్ని విరమించుకుంది. డెల్టాలో ధవళేశ్వరం ఆనకట్టతో కోట్ల మందికి అన్నం పెట్టిన మహనీయుడి కల సైతం ఎగువన కాలంతో, నదితో పొత్తు కుదరక ఆగిపోయింది.

ఒక మహా పథకం ముగిసిన ఆ ఏడాదే, ఆ నదికి దక్షిణాన అడవుల్లో ఒక చిన్న అన్వేషణ ఫలించింది.

ఇల్లందు అడవిలో

సింగరేణి చరిత్రలో ఒక కథ ప్రచారంలో ఉంది. భద్రాచలం రాముడి దర్శనానికి వెళ్తున్న యాత్రికులు ఇల్లందు వద్ద విడిది చేసి, నల్ల రాళ్లను పొయ్యి రాళ్లుగా పెట్టి వంట చేయబోతే ఆ రాళ్లే అంటుకున్నాయట. ఆ వార్త అధికారులకు చేరిందట. కథ మాట ఎలా ఉన్నా, 1871లో కింగ్ నిజాం రాజ్యపు ఆగ్నేయ భాగంలోని ఇల్లందు ప్రాంతానికి వచ్చి, బొగ్గు పొరలున్నాయని శాస్త్రీయంగా నిర్ధారించారు. సమీపంలోని సింగరేణి గ్రామం పేరును ఆ క్షేత్రానికి పెట్టారు. ఆ ఊరి పేరే కాలక్రమంలో లక్ష మందికి పైగా కార్మికులకు జీవనాధారమైన సంస్థ పేరైంది.

దీనిపై ఆయన 1872లో ప్రచురించిన నివేదిక గ్రంథం కాదు, కొద్ది పుటల టిప్పణి. కొత్త బొగ్గు క్షేత్రం ఒకటి దొరికిందని తెలియజేయడమే దాని పరిధి. అదే ఏడు మద్రాసు ప్రెసిడెన్సీ వైపున, గోదావరి మండలంలోని బెద్దదనోలు ప్రాంతంపై మరో టిప్పణి రాశారు. అక్కడ బొగ్గు పొరలు ఉండే అవకాశం మాత్రమే ఉందని దాని శీర్షికలోనే తెలిపారు. ఒక చోట క్షేత్రం ఉందన్నారు, మరొక చోట ఉండవచ్చునన్నారు. ఈ రెండు మాటల మధ్య తేడాయే కింగ్ నిజాయితీకి కొలమానం. మద్రాసు ప్రభుత్వం కోరుకున్నది తన సొంత గడ్డపై బొగ్గు. పై అధికారులకు ప్రియమైన మాట చెప్పాలనుకుంటే బెద్దదనోలునే ఆకాశానికి ఎత్తి ఉండవచ్చు. తరువాత అక్కడ బోర్లు వేసి చూస్తే సన్నని, నాసిరకపు పొరలే తేలాయి. గని వెలవలేదు. నిజాం రాజ్యంలోని సింగరేణి మాత్రం నిలిచింది.

తొమ్మిదేళ్ల లోయ యాత్ర

తొలి టిప్పణి తరువాత కింగ్ తొందరపడలేదు. ప్రాణహిత-గోదావరి లోయ మొత్తం భూగర్భ స్వరూపంపై ఆయన సమగ్ర గ్రంథం 1881లో గాని వెలువడలేదు. చిన్న ఫలితాన్ని వెంటనే ప్రకటించడం, పెద్ద నిర్ధారణకు కావలసినంత కాలం తీసుకోవడం ఆయన పాటించిన నియమం. నడుమ నెల్లూరు శిలలపైన, గోదావరి తీర ప్రాంతంపైన కూడా గ్రంథాలు పూర్తి చేశారు.

లోయలో ఆయన ఎదుర్కొన్న చిక్కు సామాన్యమైనది కాదు. అడుగున తాల్చేరు పొరలు, వాటిపైన బొగ్గును మోసే బరాకరు ఇసుకరాయి, దానిపైన బొగ్గు లేని కామఠీ ఇసుకరాయి పరచుకొని ఉంటాయి. చాలాచోట్ల కామఠీ దుప్పటి కప్పేయడం వల్ల బరాకరు పొరలు సన్నని చీలికలుగా మాత్రమే నేలపైకి కనిపిస్తాయి. దట్టమైన అడవి, లోతైన మన్ను ఆ చీలికలను కూడా దాచేస్తాయి. వాగు కోసిన గట్టున ఒక నల్లని చార కనిపిస్తే అది ఎటు వాలుతోంది, ఎంత కోణంలో దిగుతోంది, అవతలి వాగులో మళ్లీ తేలుతోందా అని చూసుకుంటూ పోవాలి. నేల లోపల ఎంత దూరం సాగుతుందో తేల్చడానికి బోరు వేయక తప్పదు. పైకి కనిపించే ఆనవాళ్లతో చెప్పగలిగినదెంతో, బోరు వేస్తే గాని తెలియనిదెంతో వేరుచేసి చెప్పడమే ఆనాటి సర్వేక్షకుడి బాధ్యత.

నేటి సింగరేణి అన్వేషణ విభాగం నిల్వలను నిరూపిత, సూచిత, అనుమిత అని మూడు తరగతులుగా విడగొడుతుంది. నిరూపిత నిల్వల ఆధారంగానే గని ప్రణాళిక తయారవుతుంది. బోర్లు దగ్గర దగ్గరగా వేసేకొద్దీ అనుమానం నిరూపణగా మారుతుంది. ఈ పదజాలం కింగ్ కాలానికి లేదు. ఆ వివేకం మాత్రం ఆయన రచనల్లో ఉంది.

వైనాడు బంగారం నేర్పిన గుణపాఠం

బొగ్గు వెదుకుతున్న రోజుల్లోనే కింగ్‌కు బంగారం పరీక్ష కూడా ఎదురైంది. నీలగిరుల పక్కనున్న వైనాడులో బంగారం ఉందన్న వార్తలపై ఆయన 1875లో ప్రాథమిక టిప్పణి ప్రచురించారు. ప్రాథమికం అన్న మాటను శీర్షికలోనే ఉంచారు. నాలుగైదేళ్లు తిరిగేసరికి లండన్ మార్కెట్లో వైనాడు జ్వరం పుట్టింది. 1880 ప్రాంతంలో 30కి పైగా కంపెనీలు లక్షల పౌండ్ల మూలధనంతో పుట్టుకొచ్చాయి. గుట్టల మీద యంత్రాలు దిగాయి, బంగళాలు లేచాయి. రాతిని పొడిచేసి చూస్తే ఖర్చుకు సరిపడే బంగారం కూడా దక్కలేదు. కొద్ది ఏళ్లలోనే కంపెనీలు కుప్పకూలాయి. యంత్రాలు అడవిలో తుప్పుపట్టాయి. వాటాలు కొన్న సామాన్యుల సొమ్ము ఆవిరైపోయింది.

భూమిలో ఖనిజం ఉండడం వేరు, లాభానికి తవ్వగలిగేటంత ఉండడం వేరు. ఈ తేడాను విస్మరించడమే వైనాడు పతనానికి మూలం. దురదృష్టవశాత్తు ఆ గుణపాఠం ఆరేడేళ్లకే మరుగున పడింది. ఈసారి రంగస్థలం హైదరాబాద్ రాజ్యమే.

లండన్ మార్కెట్లో నిజాం గనులు

మొదటి సాలార్‌జంగ్ 1883లో మరణించారు. ఆయన కుమారుడు దివానుగా ఉన్న కాలంలో, 1886లో నిజాం ప్రభుత్వం గనుల హక్కులను ఇద్దరు ఆంగ్లేయ వ్యాపారులకు కట్టబెట్టింది. ఈ వ్యవహారం నడిపినది నిజాం కొలువులో ఉన్నతాధికారి అబ్దుల్ హక్. ఆ హక్కుల ఆధారంగా హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఇంగ్లండులో ఏర్పడింది. ఒప్పందం ఒక్క ఇల్లందు బొగ్గుకు పరిమితం కాలేదు. 82 వేల చదరపు మైళ్లకు పైబడిన రాజ్యమంతటా ఉన్న బొగ్గు, బంగారం, వజ్రాలు సహా ఖనిజాలన్నిటి మీద కంపెనీ కన్ను పడింది.

కంపెనీ మూలధనం కాగితం మీద పది లక్షల పౌండ్లు. పది పౌండ్ల వాటాలు లక్ష. అందులో 85 వేల వాటాలను పూర్తిగా డబ్బు చెల్లించినట్లు లెక్కగట్టి హక్కులు పొందిన వ్యాపారులకే ఇచ్చేశారు. అంటే పది లక్షల పౌండ్ల కంపెనీగా పైకి కనిపించినా, గనులు తవ్వడానికి చేతికి రాగలిగినది మహా అయితే లక్షన్నర పౌండ్లు. మిగిలినదంతా ఆశకు కట్టిన వెల. లండన్‌లో వాటాల ధర పెంచి అమ్ముకోవడంపై ఉన్న శ్రద్ధ అడవిలో బావి తవ్వడంపై లేదన్న విమర్శలు చెలరేగాయి. నిజాం ప్రభుత్వం చేత కూడా ఎక్కువ ధరకు వాటాలు కొనిపించిన సంగతి బయటపడింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ ప్రత్యేక సంఘాన్ని వేసి విచారణ జరిపింది. అబ్దుల్ హక్ పదవి కోల్పోయారు. హైదరాబాద్ పరువు లండన్ వీధుల్లో చర్చనీయాంశమైంది.

ఇదే నేల, ఇవే రాళ్లు. ఒకరు వాటిని కొలిచి ఉన్నంత మేరకే చెప్పారు. మరికొందరు కొలవకుండానే పది లక్షల పౌండ్లకు వెలగట్టారు.

చివరకు నిలిచినది బొగ్గే

ఆర్భాటం సద్దుమణిగాక కంపెనీకి ఆసరాగా నిలిచినది ఏది అని చూస్తే సమాధానం ఒక్కటే. కృష్ణా తీరంలోని పరిటాల వైపు వజ్రాల వేట ఆశించిన ఫలం ఇవ్వలేదు. రాయచూర్ సీమలోని వండలి, హట్టి బంగారు గనులు కొంతకాలం నడిచి 1920 నాటికి మూతపడ్డాయి. హట్టిని మళ్లీ తెరవడానికి 1940వ దశకం దాకా వేచి ఉండవలసి వచ్చింది. రాజ్యమంతటి మీద హక్కులు పొందిన సంస్థను నిలబెట్టినది కింగ్ హద్దులు గీసిన చిన్న క్షేత్రం.

దానికి కారణాలు స్పష్టం. ఇల్లందులో బొగ్గు ఉందన్నది ఊహ కాదు, నిర్ధారణ. దానికి కొనుగోలుదారు సిద్ధంగా ఉన్నాడు. సికింద్రాబాద్ నుంచి వరంగల్‌కు 1886లో వచ్చిన రైలు 1888లో డోర్నకల్ చేరింది. డోర్నకల్ నుంచి ఇల్లందు గనులకు శాఖా మార్గం పడింది. 1889లో బెజవాడకు రైలు కలిసింది. సరకు, సరకును మోసే దారి, సరకు కావలసిన ఇంజను మూడూ ఒకచోట చేరాయి. 1889 నుంచి ఉత్పత్తి క్రమబద్ధంగా సాగింది. 20వ శతాబ్దపు తొలి ఏళ్లకు అది ఏడాదికి నాలుగు లక్షల టన్నుల స్థాయికి చేరింది. అడవి నడుమ ఉన్న ఇల్లందు బొగ్గుట్ట అన్న వ్యవహార నామంతో పట్టణమైంది.

ఆ టన్నుల వెనుక ఉన్నది చేతి తట్ట, పలుగు, నూనె దీపం. చీకటి బావుల్లో దిగి బొగ్గు తవ్విన వేలాది కూలీల పేర్లు ఏ పొరకూ పెట్టలేదు. క్షేత్రాన్ని కనుగొన్నవాడి పేరు ఒక పొరకు దక్కితే, రాణి పేరు మరో పొరకు దక్కింది. కింగ్ సీమ్, క్వీన్ సీమ్ అన్న ఆ జంట పేర్లు కొత్తగూడెం గనుల దాకా విస్తరించాయి.

సంస్థ అధిపతిగా

లండన్‌లో దక్కన్ కంపెనీ గొడవ ముదురుతున్న 1887లోనే కింగ్ భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ పగ్గాలు చేపట్టారు. ఓల్డ్‌హామ్, మెడ్లికాట్‌ల తరువాత ఆ పీఠం అధిష్ఠించిన మూడో వ్యక్తి ఆయన. తాల్చేరు నుంచి తిరువాన్కూరు వరకు, ఛత్తీస్‌గఢ్ బొగ్గు నుంచి మలబారు తీరపు రాళ్ల వరకు విస్తరించిన పనిని అప్పటికి ముప్పై ఏళ్లుగా చేసిన అనుభవం ఆయనది. ఏడేళ్లు ఆ బాధ్యత నిర్వహించి 1894లో విరమించారు. 1900లో కన్నుమూశారు.

కంపెనీలు పెట్టలేదు, గనులు కొనలేదు, వాటాలు అమ్మలేదు. ప్రభుత్వ జీతం మీద బతికిన ఉద్యోగి ఆయన. ఆయన వదిలి వెళ్లిన ఆస్తి పటాలు, గ్రంథాలు, కొన్ని పేర్లు. ఆ పటాల మీద నుంచే తరువాతి తరాలు లోయ పొడవునా ముందుకు సాగాయి.

గోదావరిఖని దాకా

1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి, పాత దక్కన్ కంపెనీ ఆస్తిపాస్తులను స్వీకరించింది. ఏటా ఆ రోజునే సింగరేణి ఆవిర్భావ దినోత్సవం జరుగుతోంది. 1920వ దశకం చివర బెల్లంపల్లి సీమలో, 1937లో కొత్తగూడెంలో గనులు తెరుచుకున్నాయి. 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటాలు కొనడంతో దేశంలో ప్రభుత్వ రంగంలో నడిచిన తొలి బొగ్గు సంస్థగా సింగరేణి నిలిచింది. 1956లో ఆ వాటా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, 2014లో తెలంగాణ ప్రభుత్వానికి సంక్రమించింది. ప్రస్తుతం రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది.

రామగుండం వంతు వచ్చేసరికి 1961 అయింది. అంటే ఇల్లందులో కింగ్ అడుగుపెట్టిన 90 ఏళ్లకు గాని గోదావరిఖనిలో బొగ్గు బయటికి రాలేదు. కింగ్ గీసిన లోయ పటంలోనే ఈ ప్రాంతమూ ఉంది. అయితే ఇక్కడి బొగ్గులో అధిక భాగం కామఠీ ఇసుకరాయి కప్పు కింద ఒదిగి ఉంది. బోర్లు వేసి, పొరల వాలు తేల్చి, రైలు మార్గం, విద్యుత్ అవసరం రెండూ కుదిరాకే తవ్వకం గిట్టుబాటయింది. 1971లో రామగుండం థర్మల్ కేంద్రం, 1980వ దశకంలో ఎన్టీపీసీ యూనిట్లు రావడంతో బొగ్గుకు ఇంటి ముంగిటే గిరాకీ ఏర్పడింది. 1975లో ఓపెన్‌కాస్ట్ తవ్వకం, 1983లో జీడీకే-7 గనిలో లాంగ్‌వాల్ యంత్రం వచ్చాయి. సుమారు 350 కిలోమీటర్ల పొడవున సాగే బొగ్గు లోయలో అడుగు వెనుక అడుగు వేస్తూ వచ్చిన క్రమమిది. లోయనంతటినీ ఒకే రోజున తవ్వేస్తామని ఎవరైనా బయలుదేరి ఉంటే 1886 నాటి కథే పునరావృతమయ్యేది.

నష్టాల సుడి నుంచి గట్టెక్కిన వేళ

లక్ష్యాలు వాస్తవానికి దూరమైతే ఏమవుతుందో సింగరేణి సైతం స్వయంగా అనుభవించింది. 1990వ దశకంలో సమ్మెలు, పెరిగిన అప్పులు, పడిపోయిన ఉత్పాదకత కలసి సంస్థను ముంచెత్తాయి. 1992లో ఒకసారి, 1996లో మరోసారి ఖాయిలా పరిశ్రమల జాబితాలో చేరి బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. పేరుకున్న నష్టాలు 1,200 కోట్ల రూపాయలు దాటాయి. గనులు మూతపడతాయన్న వదంతులు కార్మికవాడల్లో నిద్ర లేకుండా చేశాయి.

ఆ దశలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఆర్థిక వెసులుబాటు ఊపిరి పోసింది. దానితో పాటు సంస్థ లోపలి మార్పు కూడా పని చేసింది. గనులవారీగా ఖర్చెంత, రాబడెంత, టన్ను తీయడానికి అవుతున్నదెంత అనే లెక్కలను కార్మికుల ముందు పరిచారు. కార్మికులు, అధికారులు కలసి కూర్చుని తమ గని స్థితిని చర్చించారు. 1998లో తొలిసారి రహస్య బ్యాలెట్ ద్వారా గుర్తింపు సంఘం ఎన్నిక జరిగింది. 1997-98 నుంచి సంస్థ లాభాల బాట పట్టింది. లాభాల్లో కార్మికులకు వాటా ఇచ్చే ఆనవాయితీ కూడా తరువాత స్థిరపడింది. ఎక్కడో కార్యాలయంలో రాసి పంపిన అంకె కన్నా, తమ గని పొర మందం, యంత్రాల బలం, పనిచేసే చేతుల సంఖ్య చూసి తామే ఒప్పుకున్న అంకెకు కార్మికుడు కట్టుబడతాడని ఆ అనుభవం చాటింది.

2023-24లో సింగరేణి ఉత్పత్తి ఏడు కోట్ల టన్నులు దాటింది. అంత పెద్ద అంకె ముందు నాలుగు లక్షల టన్నుల ఇల్లందు చిన్నదిగానే కనిపిస్తుంది. అయినా అంకె పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది. భూగర్భ గనిలో పైకప్పు పటిష్ఠం కాకముందే ముఖం ముందుకు జరిపితే మూల్యం చెల్లించేది షిఫ్టుకు దిగిన కార్మికుడే. ఓపెన్‌కాస్ట్‌లో మట్టి తొలగింపు వెనుకబడితే ఈ నెల బొగ్గు చూపించినా వచ్చే ఏడు గని చిక్కుల్లో పడుతుంది. అందుకే నెలసరి శాతం ఒక్కటే గనికి కొలమానం కాజాలదు. ఏ బొగ్గు, ఏ పొరలో, ఎంత భద్రంగా తీయగలమన్న లెక్కే మొదటిది.

పొర పేరులో మిగిలిన మనిషి

సింగరేణి గ్రామం ఖమ్మం జిల్లాలో, ఇల్లందు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, గోదావరిఖని పెద్దపల్లి జిల్లాలో ఉన్నాయి. జిల్లాలు విడిపోయినా నేల కింద బొగ్గు పొరల వరుసకు హద్దులు లేవు. ఆ వరుసను ఒకే పటంగా చూసిన తొలి వ్యక్తి కింగ్. ఇల్లందు పాత గనులు చాలావరకు తమ పని ముగించుకున్నాయి. బొగ్గు తరగని నిధి కాదు. తీసిన ప్రతి టన్నుతో నిల్వ ఒక టన్ను తగ్గుతుంది. బొగ్గు అనంతరం కోల్‌బెల్ట్ పట్టణాలు దేనిపై బతకాలన్న ప్రశ్న ఇప్పటికే ముందుకు వచ్చింది. సింగరేణి సౌర విద్యుత్తు వైపు కూడా అడుగులు వేస్తోంది.

ఆ కొత్త దారిలోనూ 150 ఏళ్ల కిందటి సర్వేక్షకుడి పద్ధతి పాతబడేది కాదు. ఉన్నదానిని ఉన్నదని, ఉండవచ్చునన్నదానిని ఉండవచ్చునని చెప్పడం, ఒక చోట హద్దు గీసి అక్కడి పని పూర్తి చేశాకే మరో చోటికి కదలడం ఆయన జీవితమంతా చేసిన పని. పది లక్షల పౌండ్ల మాటలు చెప్పినవారి పేర్లు విచారణ సంఘం కాగితాల్లో మిగిలాయి. ఉన్నంత మేరకే చెప్పిన మనిషి పేరు గనిలోని పొరకు, కార్మికుడి నాలుకకు చేరింది.